రంగుపట్టీ సాక్ష్యం

“ఆ బొమ్మలో శాలువా ఎరుపు వెలిసిపోతోంది డైరెక్టరు గారూ. మా ఆయన ఆ రంగు నా కళ్ళముందే నూరాడు. నాకు తెలియదా?”

ఎర్సీలియా కుర్చీ ముందుకు జరుపుకుంది. మ్యూజియం డైరెక్టర్ తార్లాతి ఓపిగ్గా నవ్వాడు.

“మీ అనుమానం తీర్చడానికే కదా సిన్యోరా, ఫ్లోరెన్స్ నుంచి ఈవిణ్ణి పిలిపించాను!”

పక్కనే కూర్చున్న రసాయన శాస్త్రవేత్త ఒర్నెల్లా, అరచేతి పొడవు అట్టముక్క ఒకటి బల్ల మీద పెట్టింది. దాని మీద గుడ్డు పచ్చసొనలో కలిపిన మంజిష్ఠ ఎరుపు. ఎర్సీలియా భర్త వాడిన రంగే. ఆ పట్టీని బొమ్మ పక్కన, పడమటి కిటికీకి ఎదురుగా తగిలించి, “జాగ్రత్తగా చూసుకోండి” అని కాపలాదారు ఊగోకు చెప్పి వెళ్లింది. తొమ్మిది నెలలకు వచ్చి పట్టుకెళ్ళి, పరీక్షలు చేసి, ఆ పట్టీతో మళ్లీ ఎర్సీలియా ముందు కూర్చుంది.

“కొత్త రంగు పసిబిడ్డ లాంటిది సిన్యోరా. ఎండకు ముందు అదే కందిపోతుంది. గీరి పరీక్షించాను. సొనలో కొవ్వు చెడలేదు, ఎరుపు తగ్గలేదు. చీకట్లో దాచిన జోడు పట్టీకీ దీనికీ తేడా దాదాపు లేదు. నాకే నమ్మకం కలగక మూడుసార్లు చూశాను.”

“మరి నా కళ్ళకు అలా ఎందుకు కనిపిస్తోందమ్మా?”

అడిగింది ఒర్నెల్లాను. తార్లాతే అందుకున్నాడు. “డెబ్బై ఎనిమిదేళ్ళు వచ్చాయి. ఒకసారి కళ్ళ డాక్టరుకు చూపించుకోండి.”

“బొమ్మది పాత ఫొటో ఉంది. పక్కపక్కన పెట్టి చూడండి.”

“అది నలుపు తెలుపుది కదా!”

“పోనీ, ఆ కిటికీకి తెరైనా కట్టించండి.”

“లోయ కనిపిస్తుందనే జనం ఆ గదికి వస్తున్నారు సిన్యోరా. పరీక్షలో రవ్వంత తేడా వచ్చినా నేనే మూయించేవాణ్ణి. నివేదిక మీద సంతకాలు కూడా అయిపోయాయి.”

ఎర్సీలియా లేచింది. చేతికర్ర పోటేసుకుంటూ మెట్లెక్కి ఆ గదికి వెళ్ళింది. బొమ్మలో ఇరవై రెండేళ్ళ తను, భుజాన శాలువా. ఒకప్పుడు మిగలపండిన చెర్రీ రంగు. ఇప్పుడు ఉతికి ఉతికి ఆరేసిన గుడ్డలా ఉంది. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది. అలాగే ఉంది.

ఊగో కుర్చీలోంచి లేచి వచ్చాడు. “ఏమన్నారు సిన్యోరా?”

“తప్పు నా కళ్ళదేనట ఊగో. ఇక గురువారాలు పొద్దున్నే వచ్చి నీ బుర్ర తినను లే. ఆయన వేసిన రంగు నాకు కనబడనప్పుడు వచ్చి ఏం లాభం?”

“అదేం మాట! కళ్ళు ఏమైతేనేం, మనిషి రావాలి గానీ.”

“నాకూ నమ్మబుద్ధి కాలేదు. కానీ ఆ పట్టీ కళ్ళారా చూశానయ్యా. నిన్న వేసినంత తాజాగా ఉంది.”

ఊగో ముఖం వెలిగిపోయింది. ఇన్నాళ్ళకు తన కష్టాన్ని ఒకరు గుర్తించినట్టు మీసం సర్దుకున్నాడు.

“ఉండదా మరి! రోజూ మధ్యాహ్నం ఎండ రాగానే తీసి సొరుగులో దాచాను కదా!”