కొంగపిల్లను ముట్టుకున్నదెవరు?

"ఎవరో దీన్ని ముద్దు చేశారు" అంది ల్యాబ్ అమ్మాయి. అన్నాక నాలుక కరుచుకుంది.

గదిలో ఉన్నవాళ్ళందరూ ఒక్కసారిగా కొంగల మామ వైపు చూశారు.

గాయపడిన పక్షుల్నీ, తల్లి లేని పిల్లల్నీ సాకి మళ్ళీ అడవిలో వదిలిపెట్టే కేంద్రం అది. అక్కడ కొంగపిల్లను పెంచడానికి ఒక పద్ధతి ఉంది. మనిషి మొహం దానికి కనపడకూడదు. తల నుంచి కాళ్ళ దాకా తెల్ల ముసుగు వేసుకుని, చేతికి కొంగ తలలాంటి తొడుగు తొడుక్కుని, ఆ ముక్కుతోనే మేత పెట్టాలి. మాట్లాడకూడదు. ముసుగు తీసి ముట్టుకోవడం అసలే కూడదు. మనిషికి మాలిమైన కొంగ బయట బతకదు. గుడ్డులోంచి బయటపడ్డప్పటి నుంచీ ఈ పిల్లను అలా పెంచింది మామే.

వదిలే ముందు పిల్ల ఒంటి మీది బ్యాక్టీరియాను చూడడం ల్యాబ్ అమ్మాయి పని. కొంగకు తోక మొదట్లో చిన్న నూనె గ్రంథి ఉంటుంది. అందులో కాపురముండే బ్యాక్టీరియా దానికి చుట్టాల కింద లెక్క. ముక్కుతో ఆ నూనె తీసి ఒళ్ళంతా రాసుకుంటే, ఈకల్ని తినే క్రిములు దరిచేరవు. ఈ పిల్ల గ్రంథిలో ఆ చుట్టాలు దండిగానే ఉన్నారు. చిక్కల్లా నెత్తి మీది ఈకల దగ్గర వచ్చింది. అక్కడ మనిషి చర్మం మీద ఉండే రకాలు బోలెడు దొరికాయి. పొరపాటున ఒకసారి తగిలితే అన్ని ఉండవు.

పక్షుల డాక్టరు అక్కడికక్కడే తేల్చేశాడు. రోజంతా దాని దగ్గర ఉండేది మామ. ముసుగులో కూనిరాగాలు తీస్తాడని అందరికీ తెలిసిందే. ఇంకా వెతకడం దేనికి, ఇవాళే ఇంటికి పంపిస్తే సరిపోతుందన్నాడు.

ఇల్లంటే మామకు ఒక తాళంచెవి, అంతే. భార్య పోయాక అక్కడ ఆయన కోసం ఎదురుచూసే ప్రాణి లేదు. ఈ పని కూడా లేకపోతే ఆయన ఏమైపోతాడో ల్యాబ్ అమ్మాయికి తెలుసు. తన నోటితోనే ఆ పని ఊడేలా ఉంది.

"ముట్టుకున్నావా మామా?" అని అడిగింది, లేదని చెబితే బాగుండునని.

"లేదమ్మాయ్" అన్నాడాయన నిదానంగా. "ముట్టుకోవాలని అనిపించలేదని మాత్రం చెప్పలేను."

"విన్నారుగా" అన్నాడు డాక్టరు.

అంతవరకు కిటికీలోంచి బయటికి చూస్తున్న డైరెక్టరు ఇటు తిరిగింది. కేంద్రంలో ఆవిడకు ఫినాయిల్ మేడమ్ అని పేరు. అందరికంటే ముందే, చీకటితోనే వచ్చి బోన్లన్నీ తనిఖీ చేస్తుంది. స్టాఫ్ పూలగుత్తి ఇస్తే, పురుగుమందు కొట్టారా అని అడిగిన మనిషి. గుడ్లగూబకు ముద్దుపేరు పెట్టినందుకు ఒకమ్మాయిని బోన్ల వైపు రాకుండా ఆఫీసులో కూర్చోబెట్టింది.

"అనుమానం మీద ఎవర్నీ పంపను" అందావిడ. "పరీక్ష చెయ్యండి. అందరికీ, నాతో సహా."

ల్యాబ్ అమ్మాయికి ప్రాణం లేచొచ్చింది. ముద్దు చేసిన మనిషికి పిల్ల నూనె అంటుకుని తీరుతుంది. నూనెతోపాటు ఆ గ్రంథి బ్యాక్టీరియా కూడా. ముసుగు తీయని వాళ్ళ ఒంటి మీదికి అవి రావడానికి దారే లేదు. దూదిపుల్లలు తీసి, అందర్నీ చేతులు చాపమంది.

"చేతులు ఇక్కడ గంటకోసారి కడుగుతాం" అంది మేడమ్ విసుగ్గా. "చెంపలు తీసుకో."

తరువాత, ఎవరని తేలినా సరే వాళ్ళు మళ్ళీ పక్షుల వైపు రావడానికి వీల్లేదనీ, బతిమాలుకోవడాలు ఉండవనీ అందరికీ వినపడేలా చెప్పింది. ముసలాయన మీద కాస్త దయ చూపిస్తే ఆవిడ సొమ్మేం పోయిందని స్టోర్‌కీపరు గొణిగాడు. మామ అతన్నే మందలించాడు. ఆవిడ అంత గట్టిగా ఉండబట్టే ఇన్ని పిట్టలు ఎగిరాయన్నాడు.

మర్నాడు డాక్టరు ముసుగు లేకుండా బోనులోకి వెళ్ళి చూశాడు. పిల్ల బెదిరిపోయి మూలకు పరిగెత్తింది. అంటే మాలిమి కాలేదు, వదలొచ్చు. గేటు తీశారు. అది నాలుగు అంగలు వేసి, గాలి అందుకుని, చెరువు మీదుగా వెళ్ళిపోయింది. మామ ముసుగులోనే ముక్కు ఎగబీల్చాడు. మేడమ్ అటు చూడనే లేదు. గేటు గడియకు తుప్పు పట్టిందని ఎవరినో తిడుతూ వీపు తిప్పుకుని నిలబడింది.

"రాతిగుండె" అన్నాడు డాక్టరు మెల్లగా.

పరీక్ష ఫలితం వచ్చే పొద్దున అందరూ ల్యాబులో పోగయ్యారు. అమ్మాయి బ్యాక్టీరియాను పెంచే వెచ్చటి పెట్టె తెరిచి గాజు ప్లేట్లు బల్ల మీద పరిచింది. ఒకటి తప్ప అన్నీ మామూలుగానే ఉన్నాయి. ఆ ఒక్కదాని నిండా లేతపసుపు చుక్కలు, అచ్చం కొంగ గ్రంథిలో దొరికినట్టే. మూత ఎత్తితే తడిసిన ఈకల వాసన. ఎవరో ఆ పిల్లను చెంపకు ఆనించుకున్నారు. ఒకసారి కాదు, రోజూ. అదీ ఊరుకోలేదు. తన ఈకలకు రాసుకునే నూనెనే ఆ చెంపకూ రాసింది.

మూతలు తారుమారు కాకుండా పేర్లు ప్లేటు అడుగున రాస్తారు. తిప్పితే చాలు. కానీ ఆమె చెయ్యి ఆడలేదు. సరిగ్గా పెరగలేదు, మళ్ళీ చెయ్యాలంటూ అబద్ధమాడింది. డాక్టరు ఒప్పుకోలేదు.

"తిప్పెయ్ అమ్మాయ్" అన్నాడు మామ. "నిద్రమత్తులో ఎప్పుడైనా ముసుగు జారిందేమో. నాదైనా నీ తప్పు కాదు."

ఆమె ప్లేటు మూత మళ్ళీ సర్దింది.

"తిప్పమ్మా" అంది మేడమ్. ఆవిడ నోట ఆ పిలుపు ఎవరూ ఎన్నడూ వినలేదు. "పాపం, ఆయన్ని ఇంకెంతసేపు నిలబెడతావు?"

అమ్మాయి కళ్ళు మూసుకుని ప్లేటు తిప్పి, కళ్ళు తెరిచింది.

అడుగున 'మేడమ్' అని రాసి ఉంది.