తొమ్మిదో చెయ్యి

"దొరికింది!" అంటూ మెడికో ప్రదీప్‌కుమార్ వార్డులో రామలక్ష్మమ్మ అవ్వ కడుపు మీంచి చెయ్యి తీశాడు. నేర్చుకోవాల్సిన పనుల లెర్నింగ్ ఆబ్జెక్టివ్స్ లిస్టులో 'ప్లీహం (బల్ల) వాపు గుర్తించడం' పక్కన టిక్కు పెట్టుకున్నాడు. ఆ పొద్దున మహానంది నుంచి వచ్చిన ఆ అవ్వ కడుపు ఒత్తినవాళ్లలో అతను తొమ్మిదోవాడు.

అవ్వ మూలుగు విని, అతని క్లాస్‌మేట్ సుచరితకు ఒళ్లు మండింది.

"థూ! అవ్వ అల్లాడుతాంటే కనపడల్యా? మనిషివేనా నువ్వు?"

"అది లిస్టులో లేదులే," అంటూ అతను పక్క మంచానికి పోయాడు.

దుప్పటి కప్పబోయిన సుచరిత చెయ్యి పట్టుకుంది అవ్వ.

"నిన్న నువ్వూ ఒత్తి, దొరికిందని నవ్వుకుంటా పోయినావు గదమ్మా. ఏం దొరికిందో నాకు ఒక్కరూ చెప్పరే?"

ప్రదీప్ మీది అసహ్యమంతా సుచరితకు తన మీదికే తిరిగింది. తలొంచుకుని మంచం పక్కన కూర్చుంది.

"నీ కడుపులో ఎడమపక్క బల్ల పెరిగిందవ్వా..."