బొంగురు తీగ

"నాకొక బాంజో చేసిపెట్టాలండీ," అన్నాడు వచ్చినాయన, గుమ్మంలోనే నిలబడి.

బాంజోల మేస్త్రి చిత్రిక పట్టడం ఆపలేదు.

"చెయ్యి చూపించండి. వేళ్ల పొడుగుని బట్టి మెడ చెక్కాలి."

"వాయించడం నాకు రాదండీ."

"మరి ఎవరికి?"

"పూర్తయ్యాక చెబుతాను. గొంతు మాత్రం నేను చెప్పినట్టే ఉండాలి."

మేస్త్రి అప్పటికి తలెత్తాడు. బక్కపలచని మనిషి. నాలుగు మెట్లెక్కినందుకే రొప్పుతున్నాడు.

ముప్పై ఏళ్లలో పొట్టి బాంజో అడిగినవాళ్లున్నారు, ఎడమచేతి బాంజో అడిగినవాళ్లున్నారు. గొంతు అడిగినవాడు ఇతనొక్కడే.

"ఎలాంటి గొంతు?"

"కాస్త బొంగురు. టక్కున తెగిపోకూడదు. చివర మెల్లగా కిందికి దిగాలి."

మేస్త్రికి నవ్వొచ్చింది. అయినా ఒప్పుకున్నాడు. భార్య పోయిన ఈ ఏడాదిన్నరలో చేతులైతే పని చేస్తున్నాయి గానీ, మనసు పెట్టాల్సిన పనేదీ గుమ్మం తొక్కలేదు.

చట్రం తయారైన దగ్గర్నుంచి ఆయన రోజూ మధ్యాహ్నం రెండింటికి వచ్చేవాడు. స్టూలు మీద కూర్చుని కళ్లు మూసుకునేవాడు. మేస్త్రి తోలు బిగించి, లావు తీగ మీటేవాడు.

"ఇది కాదండీ. దీనికి వయసు చాలదు."

మేస్త్రి ఆ తోలు విప్పి, మందంగా ఉన్న మేకతోలు వేశాడు.

"దగ్గరికొచ్చింది. కానీ ఇందులో కోపం ఉంది. ఆవిడకి కోపం లేదు."

"ఏ ఆవిడకి?"

ఆయన దగ్గాడు. దగ్గు ఆగాక, "మళ్లీ ఒకసారి మీటండి," అన్నాడు.

"ఎవరు బాబూ ఆ మనిషి?" అని సాయంత్రం అత్తగారు అడిగింది. "వచ్చిన చప్పుడుండదు, వెళ్లిన చప్పుడుండదు."

"పిచ్చి కుదిరింది, తలకి రోకలి చుట్టమన్నాడట. ఆ బాపతు అత్తయ్యా."

ఇంట్లో మిగిలింది వాళ్లిద్దరే. పోయిన మనిషి ఆవిడకి ఒక్కగానొక్క కూతురు, ఇతనికి భార్య. అంటురోగాల ఆసుపత్రిలో నలభై రోజులుంది. లోపలికి ఎవరినీ రానివ్వలేదు. గేటు దగ్గర క్యారియరు ఇచ్చి వెనక్కి రావడమే. ఆఖరికి క్యారియరు తీసుకోవడం కూడా మానేశారు.

"పలకరించే దిక్కు లేకుండా పోయింది నా తల్లి," అని అత్తగారు అంట్లు తోముతూ తనలో తను అనుకునేది. అల్లుణ్ణి ఒక్క మాట అన్నది లేదు. అనకపోవడమే అతనికి ముల్లయి కూర్చుంది.

పన్నెండో రోజున మేస్త్రి తీగల కింది చెక్కముక్క మార్చి, తోలు వెనక పాత గుడ్డ దోపాడు. లావు తీగ రెండుసార్లు మీటాడు.

వంటింట్లోంచి అత్తగారు పలికింది.

"ఆఁ, వస్తున్నా తల్లీ."

తడిచేతులతో గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. గదిలో ఇద్దరు మగవాళ్లు తప్ప ఎవరూ లేరు.

"అది నన్ను పిలిచింది," అంది మెల్లగా.

మేస్త్రి తీగ మీంచి చెయ్యి తీసేశాడు. ఆ గొంతు అతనూ పోల్చుకున్నాడు. 'అమ్మా' అంటూ చివర కిందికి దిగే ఆ పిలుపు భార్యదే. కానీ అందులో ఒక అలసట ఉంది. పదిహేనేళ్ల కాపురంలో అతను ఎన్నడూ వినని అలసట.

వచ్చినాయన కళ్లు తెరిచాడు. తడిగా ఉన్నాయి.

"ఇదేనండీ. ఇప్పుడు మీకు చెప్పాల్సిన మాట ఒకటి..."

"లే."

"కాస్త వినండి..."

"ఏ విద్య నేర్చి వచ్చావో నాకక్కర్లేదు. చచ్చినవాళ్లతో ఆటలాడడానికి నా ఇల్లే దొరికిందా? మళ్లీ ఈ గడప తొక్కావంటే కాళ్లు విరగ్గొడతా."

ఆయన లేచాడు. అత్తగారికేసి ఒకసారి చేతులు జోడించి, గోడ పట్టుకుని మెట్లు దిగాడు. వీధి మలుపు దాకా దగ్గు వినిపించింది.

మేస్త్రి బాంజోని దుప్పట్లో చుట్టి అటక మీద పెట్టాడు. అయినా వీధిలో లారీ వెళ్తే చాలు, అటక మీద లావు తీగ సన్నగా మూలిగేది. అత్తగారు చేతిలో పని ఆపి పైకి చూసేది. అది ఆగేదాకా కదిలేది కాదు.

మూడు వారాలు గడిచాయి.

"బాబూ, ఆయన్ని పిలుచుకురా," అందావిడ. "ఏం చెప్పబోయాడో నేను వినాలి."

మేస్త్రి బాంజో భుజాన వేసుకుని, ఆర్డరు చీటీ మీదున్న చిరునామా వెతుక్కుంటూ వెళ్లాడు. ఒక మేడ వెనక రెండు గదుల వాటా. బాంజో చేయించిన ఆయన ఉన్నారా అని మేస్త్రి అడిగితే, తీగ మీద బట్టలు ఆరేస్తున్న ఆడమనిషి వెనక్కి తిరిగింది.

"అన్నయ్య పోయి తొమ్మిది రోజులైందండీ. ఊపిరితిత్తులు ఎప్పుడో పాడైపోయాయి."

ఆమె చూపు దుప్పటి మూట మీద పడింది.

"దీన్నెందుకు తెచ్చారు? మీ ఇంట్లో ఉండడానికే కదా చేయించాడు."

మేస్త్రి మూటని భుజం మీంచి దించాడు. 

"మా ఆవిడ మీ అన్నయ్యకి ఎలా తెలుసు?"

"మొహమైతే ఎప్పుడూ చూడలేదటండీ, బాంజోల మేస్త్రి గారి భార్య అని నర్సులు అనుకుంటుంటే విన్నాడట," అందామె. "అంటురోగాల ఆసుపత్రిలో ఆడవాళ్ల వార్డుకీ మగవాళ్ల వార్డుకీ మధ్య ఉన్నది ఒక్క చెక్కగోడేనట, మీ ఆవిడ 'అమ్మా' అని పిలిచినప్పుడల్లా, ఆఖరి పిలుపు దాకా, ఇవతలి నుంచి 'ఇక్కడే ఉన్నానమ్మా' అని పలికింది మా అన్నయ్యే."