కట్ట మీది బకెట్టు

ముసలాయన వంగి, కుక్క పెంటను రేకు ముక్కతో ఎత్తి బకెట్టులో వేసుకున్నాడు.

నందీష్ మొహం పక్కకు తిప్పుకుని ఉమ్మేశాడు.

పొలమంతా సోలార్ పార్కుకు ఇచ్చినప్పటి నుంచి నందీష్‌కు చేతిలో పని లేదు, కంటికి నిద్ర లేదు. పగలంతా మంచం మీద పడి పైకప్పు చూసే మొగుణ్ణి భరించలేక, భార్య సౌభాగ్యే తెల్లారగానే రెండు కుక్కల్నీ తోడిచ్చి చెరువు కట్ట మీదికి తరిమేది.

ఆ మందు బాగానే పనిచేసింది. కార్తీకమాసపు చలి, వానలకు నిండిన చెరువు, ముందు పరుగెత్తే కరియ, జాకీ. ఆ గంటసేపు మనసు తేలికపడేది. ఒక్కోసారి ఈల కూడా వేసేవాడు.

ఇప్పుడు ఆ గంటనూ ఈ ముసలాయన పాడుచేశాడు.

ఎవరో, ఏ ఊరో తెలియదు. పది రోజులుగా పొద్దున్నే బస్సు దిగి వస్తాడు. కట్ట పొడుగునా గడ్డిలో వెతుకుతాడు. దొరికినదాన్ని బంగారంలా ఎత్తుకుంటాడు. బకెట్టు నిండితే దూరంగా గుంత తీసి పూడ్చిపెడతాడు. అదే చేత్తో బీడీ వెలిగిస్తాడు. ఛీ, అదేం మనిషి!

సౌభాగ్యకు పదిహేను గొర్రెలున్నాయి. ఆ ఇంట్లో ఇంకా మిగిలిన సేద్యం అదొక్కటే. రోజూ వాటిని ఆ కట్ట మీదే మేపేది. ఆ వారం ఒకటి జబ్బు చేసి చస్తే, ఊళ్లో అందరూ చేసినట్టే నందీష్ తలకాయ కోసి కుక్కలకు వేశాడు.

మర్నాడు కరియ ఆ తలకాయను కట్ట మీదికి కరుచుకొచ్చింది. ముసలాయన దాన్ని కుక్క నోట్లోంచి గుంజి బకెట్టులో వేసుకున్నాడు. వెంట ఈగలూ వచ్చాయి.

"కుక్క నోటి కూడు గూడా వదలవా?" నందీష్ ముక్కు మూసుకున్నాడు. "ఏం జేసుకుంటావు? కూరా?"

"అది గాదప్పా. తలకాయలు కుక్కలకు ఎయ్యగూడదు. గొర్రెలకు..."

"చాల్లే. నిన్ను చూస్తే తిన్నది నిలబడేటట్ల లేదు. ఇంగ ఈ కట్ట మీద కనపడగూడదు."

ముసలాయన ఇంకా ఏదో చెప్పబోయాడు. నందీష్ వినలేదు. కాలెత్తి బకెట్టును తన్నాడు. అందులో ఉన్నదంతా పచ్చిక మీద పడింది. ముసలాయన మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో ఎత్తబోతే, రెక్క పట్టి రోడ్డు దాకా లాక్కెళ్లి బస్సెక్కించాడు.

ఇంటికొచ్చి సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కున్నాడు. పీడ వదిలిందని సౌభాగ్యతో చెప్పాడు. మర్నాటి నుంచి మళ్లీ ఈల.

ఉగాది దాటాక ఒక గొర్రె తల పక్కకు వాల్చి, నిలబడ్డచోటే గుండ్రంగా తిరగసాగింది. వారంలో ఇంకో నాలుగు మొదలుపెట్టాయి. తిరిగి తిరిగి పడి కాళ్లు కొట్టుకున్నాయి. సౌభాగ్య వాటి తలలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తిండి ముట్టలేదు.

పావగడ నుంచి పశువుల డాక్టరు శిల్పశ్రీ వచ్చింది. చచ్చినదాని తల కోసి చూపించింది. మెదడులో కోడిగుడ్డంత నీటిబుడగ. ఇలాంటి తలకాయ తిన్న కుక్క కడుపులో పురుగు పెరుగుతుందనీ, దాని గుడ్లు పెంటతో బయటపడి గడ్డికి అంటుకుంటాయనీ, ఆ గడ్డి మేసిన గొర్రెకు ఈ గతి పడుతుందనీ చెప్పింది. పడిపోయిన గొర్రెలు ఇక లేవవని కూడా చెప్పింది.

తర్వాత కట్ట వైపు చూసింది.

"ఈడ పెంట ఎత్తేకి హనుమంతరాయ అని ఒక పెద్దాయన వస్తా ఉండె గదా. యాడ?"

బకెట్టును తన్నిన తన కాలు చూసుకుంటే నందీష్‌కు రోత పుట్టింది.

"నేనే తరిమేసినా మేడం" అన్నాడు. "ఆయన మీ ఆస్పత్రిలో డాక్టరా?"

శిల్పశ్రీ చేతి తొడుగులు విప్పుతూ తల అడ్డంగా ఊపింది.

"కాదన్నా. ఒకప్పుడు చచ్చిన ప్రతి గొర్రె తలకాయనూ తన కుక్కలకే ఏసి, ఉన్న నూరు గొర్రెల్నీ ఇట్లే పోగొట్టుకున్న కాపరి."