రుజువు మిగలకుండా

“తెనాలి రైల్లో ఫుడ్ ఇన్‌స్పెక్టరు దిగాడంట!”

అంతే. రేపల్లె స్టేషన్ రోడ్డులో కొట్లన్నీ టపటపా మూతపడ్డాయి.

పునుగుల కొట్టు మస్తానమ్మ కూడా తలుపు చెక్కలు బిగించి, మొగుడి పక్కన చేరింది.

“మనమేం కల్తీ చేశామే?” అన్నాడు పున్నారావు.

“మనం చెయ్యలేదయ్యా. నిన్న తెనాలి నించి వచ్చిన నూనె డబ్బా చవగ్గా ఉందని కొన్నా. బిల్లు లేదు. చట్టం పట్టుకునేది దాంతో వండి అమ్మినోళ్లనే. ఇప్పుడింకా గట్టి చేశారంట, ఆర్నెల్లు జైలంట!”

తలుపు దబదబా మోగింది.

“అమ్మా! ఆ నూనె మంచిది కాదమ్మా, వాడకండి!”

మస్తానమ్మ సందులోంచి చూసింది. తెల్లచొక్కా, చేతిలో నూనె సీసా. ఇంకేముంది, వాడే!

“అమ్మో, నూనె సంగతి అప్పుడే తెలిసిపోయింది!”

అతనింకా ఏదో చెబుతున్నాడు. మస్తానమ్మ చెవులు గట్టిగా మూసుకుంది. కాసేపటికి పక్క కొట్టు తలుపు మోగింది.

గబగబా నూనంతా పెరట్లో గుంట తీసి పోసేసింది. పొద్దున వేసిన మొదటి వాయి పునుగులు మాత్రం బుట్టలో మిగిలాయి.

“పారేస్తావా? కళ్లు పోతాయి. ఇటు తే,” అన్నాడు పున్నారావు. “ఇట్టాంటి రుజువైతే రోజూ మాయం చేసి పెడతా.”

నవ్వుకుంటూ మొత్తం లాగించాడు. భయానికి మస్తానమ్మ నోట్లోకి ఒక్కటీ పోలేదు.

గంట తిరక్కుండానే పున్నారావుకి వాంతులు. ఆపైన కాళ్లూ చేతులూ కొట్టుకోవడం మొదలైంది.

ఏడుస్తూ రిక్షాలో ఆసుపత్రికి చేర్చింది. గుమ్మంలో అతనే!

“కేసు రాసుకోండి బాబూ, నన్ను జైల్లో పెట్టండి! ముందు మా ఆయన్ని లోపలికి పోనివ్వండి!”

అతను పున్నారావుని రెండు చేతులా ఎత్తి లోపలికి పరుగెత్తాడు.

డాక్టరుగారు అతనిచ్చిన సీసా వాసన చూశారు.

“పాత పురుగుమందు డబ్బాల్లో నూనె పోసి అమ్మారు, దుర్మార్గులు!”

మస్తానమ్మ గోడకి జారగిలబడింది.

“ఇన్‌స్పెక్టరుగారు అంతలా చెబుతుంటే వినలేదు నేను...”

“ఇన్‌స్పెక్టరేంటమ్మా?” అన్నాడు కాంపౌండరు. “రాత్రి తెనాల్లో ఆ నూనె వంట తిని ఆయన కూతురు పోయింది. పిల్లని ఇంట్లో అట్టాగే పడుకోబెట్టి, ఆ డబ్బాలు ఇక్కడ కొన్నవాళ్లకి చెబుదామని పొద్దున్నే రైలెక్కాడు.”