పోయొస్త అనని మనిషి

శుక్రవారం పొద్దున్నే, కువైట్‌లో దజీజ్ గోదాముల వెనక ఓ గదిలో ఇంగ్లీషు పాఠం జోరుగా సాగుతోంది.

చెప్పేది కడప మునీంద్ర. వినేది జగిత్యాల లింగం. ఇద్దరూ ఒకే గోదాములో పెట్టెలు మోస్తారు.

"గో అంటే పోవడం. గో బ్యాక్ అంటే వచ్చిన తావుకే తిరిగి పోవడం. గివ్ బ్యాక్?"

"తీస్కున్నది మల్ల ఇచ్చుడు," అన్నాడు లింగం ఉల్లిగడ్డలు తరుగుతూ. "కాల్ బ్యాక్ అంటే మల్ల ఫోన్ జేసుడు. గింతేనా తమ్మీ ఇంగ్లీషు? ఎన్క తోక తగిలిస్తే అయిపాయె!"

"అట్లయితే సెండ్ బ్యాక్?"

లింగం చేతిలో కత్తి ఆగింది.

"గది మన రాజమౌళి ముచ్చట. గది అనకు."

రాజమౌళి లింగం ఊరివాడు. జాబ్రియాలో ఒక ఇంట్లో డ్రైవరుగా ఉండేవాడు. వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, కొడుతున్నాడని పారిపోయి వచ్చి కొన్నాళ్లు ఈ గదిలోనే దాక్కున్నాడు. తర్వాత సాల్మియాలో పని దొరికిందని వెళ్లాడు. అతని చారల చొక్కా ఇంకా గోడ మేకుకే వేలాడుతోంది.

వారం నుంచి అతని ఫోన్ కలవడం లేదు. పోలీసుల భయానికి బంద్ పెట్టుకున్నాడని ఇద్దరూ అనుకున్నారు. కఫీల్‌ని వదిలి పారిపోయినవాడు దొరికితే వేలిముద్రలు తీసుకుని విమానం ఎక్కిస్తారు. ఇక జన్మలో కువైట్ గడప తొక్కనివ్వరు.

తలుపు చప్పుడైంది.

యాభై దాటిన మనిషి. ఇస్త్రీ చొక్కా. జేబులో రెండు ఫోన్లు.

"నా పేరు పెద్దిరాజండి. మాది భీమవరం దగ్గర. రాజమౌళి అన్నాయన ఇక్కడుండేవాడా అండి?"

లింగం నెమ్మదిగా జరిగి మేకుకున్న చొక్కాకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఏ రాజమౌళి?"

"జగిత్యాల వైపు ఆయనండి. ఊరి పేరు కావాలి. ఇంటి నంబరు కావాలి."

"ఎందుకు?"

"అది ఆయన మనుషులకే చెప్పాలండి. మీరు ఆయన మనుషులేనా?"

లింగం మునీంద్ర వైపు చూశాడు. మునీంద్ర కళ్లతోనే వద్దన్నాడు.

"మేమెవ్వలం గాదు. మాకు ఎర్క లేదు."

"మావాడేనని ఒక్క మాట అనండి బాబూ. మిగతాది నేను చెబుతాను."

ఎంత తియ్యగా అడుగుతున్నాడో చూడు, దొంగ మొహం! అనుకున్నాడు లింగం.

ఇంతలో ఆయన ఫోన్ మోగింది. గుమ్మం బయటికి వెళ్లి ఇంగ్లీషులో మాట్లాడాడు.

"ఐ వాంట్ టు సెండ్ హిమ్ బ్యాక్. యెస్, రాజమౌళి. ప్లీజ్ కాల్ మి బ్యాక్."

అంతా అర్థమైంది లింగానికి. నేర్చుకున్న ఇంగ్లీషు పనికొచ్చినందుకు మొదటిసారి గర్వపడ్డాడు, అదీ ఇలాంటప్పుడు!

ఆయన లోపలికి వచ్చాడు. మునీంద్ర పరీక్షగా అడిగాడు.

"చాయ్ తాగుతారా సార్?"

"వద్దండి."

లింగం భుజం మీదుగా ఆ చారల చొక్కాను ఒక్కసారి చూశాడాయన. ఇంకేదో అడగబోయి మానేశాడు. తన నంబరున్న కార్డు పొయ్యి పక్కన పెట్టి, చెప్పులేసుకుని, ఒక్క ముక్క మాట్లాడకుండా వెళ్లిపోయాడు.

"సూసినావా అన్నా? గోదారోళ్లు గడప కాడ వెళ్లొస్తానండీ అని నాలుగుసార్లన్నా అంటారు. ఈయప్ప ఒక్కసారి కూడా అనల్యా. పక్కా సీఐడీనే!"

"గంతే తమ్మీ. మనోన్ని పట్టిద్దామని వచ్చిండు."

కార్డు పొయ్యిలోకి పోయింది. రాజమౌళిని కాపాడామన్న సంతోషంతో ఆ పూట ఇద్దరూ కోడికూర కడుపునిండా తిన్నారు.

నెల తిరక్కముందే రాజమౌళి తల్లి భీమవ్వ ఫోన్ చేసింది.

"బిడ్డా లింగం, నా కొడుకు ఇంటికొచ్చిండురా."

"అయ్యో! పోలీసోళ్లకు దొరికిండా అవ్వా? పంపిచ్చిన్రా?"

"పెట్టెల ఒచ్చిండు బిడ్డా."

లింగం ఫోన్‌ను చెవికి గట్టిగా అదుముకున్నాడు.

"రోడ్డు దాటంగ బండి గుద్దిందట. జేబుల కాయితం లేదు, ఫోన్ పలిగిందట. దవఖానల పేరు, జిల్లా చెప్పి పానం ఇడిసిండట. నెల దినాలు ఐసుల వెట్టిన్రట. పెట్టె తెర్వద్దన్నరురా. కొడుకు మొకమన్న సూడకపోతి."

భీమవ్వ చాలాసేపు ఏడ్చింది. లింగం చెంపలూ తడిశాయి.

"ఎవలు... ఎవలు తెచ్చిన్రు అవ్వా?"

"పెద్దిరాజు అని ఎవలో పుణ్యాత్ముడు. దిక్కులేని పీనుగుల ఇండ్లు దేవులాడి పంపిస్తడట. ఇంటిదాంక తోడొచ్చిండు. ముందుగాల మీ జాడ దొరికితే మొకమన్న సూస్తుంటివమ్మా అని ఏడ్సిండు. ఆడ ఎవ్వల నడిగినా ఎర్క లేదన్నరట."

"మరి సచ్చిపోయిండని ఎందుకు జెప్పలే?" అన్నాడు లింగం.

"ఒక్క పేరోళ్లు మస్తుమంది ఉంటరట బిడ్డా. ఒకపారి తప్పు ఇంట్ల ఏడ్పు వెట్టిచ్చిండట. అప్పటి సంది, మావోడే అని నోటితోని అన్నోళ్లకే చెప్తడట."

లింగం గోడకు జారబడి కూర్చున్నాడు.

"ఇన్ని నీళ్లన్న తాగమంటే తాగలే. పోయొస్త అని సుత అనలే. సావైన ఇంట్ల అనరు గదరా."

లింగం మేకుకున్న చారల చొక్కా వైపు చూశాడు. రాజమౌళి తమవాడేనని తాము ఒప్పుకోకపోయినా, ఆ శుక్రవారం పెద్దిరాజు ఈ గదిలోంచి కూడా చావింట్లోంచి వెళ్లినట్టే వెళ్లాడు.