పెద్దల వాటా

క్రిస్మస్ ముందు రాత్రి భోజనమయ్యాక ఫోర్తునే బల్ల మీదివేమీ తీయలేదు. పోయినవాళ్ళు వచ్చి మిగిలిన రొట్టె ముక్కలు తింటారని దక్షిణ ఫ్రాన్సులోని ప్రోవాన్స్ పల్లెల్లో అందరూ అలాగే వదిలేస్తారు. అతని భార్య నోరిన్ ద్రాక్ష కోతలప్పుడు పోయింది. ఆమె వస్తుందా, రాదా అన్నదొక్కటే ఆ రాత్రి అతని ఆరాటం.

నడిరేయి, పైగదిలో పడుకున్న అతనికి కింద కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది. గబగబా మెట్లు దిగి వచ్చాడు.

బల్ల దగ్గర కూర్చుని బాదం మిఠాయి తింటున్నది నోరిన్ కాదు. సముద్రతీరం చూడడానికి వచ్చి, వెనక గదిలో అద్దెకు దిగిన లియోన్ నగరపు అమ్మాయి.

"అయ్యో, లేపేశానా తాతగారూ?"

ఆశ చచ్చినా ఫోర్తునే నవ్వాడు. ఆకలిగొన్న పిల్లకు ఇంత తిండి దక్కింది, అదే మేలనుకున్నాడు. "తినమ్మా. మా పెద్దల వాటా తినేశావు, అంతే."

"నేనేం దొంగతనం చెయ్యలేదు! ఆవిడే పిలిచి పెట్టింది. గట్టిగా నమలకు, మా ముసలాయనది కోడికునుకు అంది."

"ఎవరు?"

"మీ ఇంటావిడ. చేతులెంత చల్లగా ఉన్నాయో, పాపం!"

ఫోర్తునే చుట్టూ చూశాడు. "ఇప్పుడెక్కడుంది?"

"మెట్ల మీద మీకు ఎదురు రాలేదా? చలిగా ఉంది, ఇక ఆయన పక్కన పడుకుంటానని ఇప్పుడే పైకెళ్ళింది."

ఫోర్తునే మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. పైన, అతని గదిలో, మంచం కిర్రుమంది.